అత్తయ్య ముఖానికి తగిన కాగితం

మా మేనత్త ఆధార్ కార్డు చూసినవాళ్ళు ముందుగా అడిగే మాట, ఈవిణ్ణి ఏ కేసులో పట్టుకున్నారండీ అని. ఆవిడ తప్పేం లేదు. ఫోటో తీసే కుర్రాడు ఇటు చూడండి మామ్మగారూ అన్నాడట. ఈవిడ "ఉండు బాబూ, కొంగు సర్దుకోనీ" అనబోయింది. "ఉం" దగ్గరే క్లిక్కు పడిపోయింది. దాంతో నోరు సున్నా చుట్టినట్టూ, ఒక కన్ను కెమెరా మీదా, రెండో కన్ను జారిపోతున్న కొంగు మీదా ఉండిపోయాయి. దేశంలో ఇంతమంది జనం ఉన్నారు కదా, అందరి కార్డుల్లో ఉన్న దిగులూ పోగేసి ఆ ఒక్క కార్డు మీదే అచ్చేశారేమోనని నా అనుమానం.

కార్డేగా, పర్సులో పడుంటుంది, ఎవరు చూడొచ్చారు అని ఊరుకోవచ్చు. కానీ మా అత్తయ్యకి ఆ కార్డంటే భయం పట్టుకుంది. ఆ భయానికి కారణం వాళ్ళ హాల్లో గోడ మీద ఉంది.

ఆవిడ ఉండేది కైకలూరు దాటాక కొల్లేరు అంచున. ఏ కిటికీ తీసినా చేపల చెరువే కనిపించే ఇల్లు. తూర్పు కిటికీలో ఒక చెరువు, పడమటి కిటికీలో ఒకటి, వంటింటి కిటికీ తీస్తే చేపలు తలలు పైకెత్తి ఇవాళ కూరేంటి అని అడిగేటంత దగ్గర. హాల్లో గోడకి పోయినవాళ్ళ ఫోటోలు వరసగా ఉంటాయి. ముందు ఆవిడ అత్తమామలు, తర్వాత మా మావయ్య. మావయ్య వయసులో ఉండగా ఏలూరు స్టూడియోలో కోటు వేసుకుని తీయించుకున్న ఫోటో అది. ఆ కోటు స్టూడియోవాళ్ళదే, వెనక వైపు గుడ్డ చాలక పిన్నీసులతో బిగించారని తర్వాత తెలిసింది. ముందు నుంచి చూస్తే మాత్రం జిల్లా కలెక్టరు పెళ్ళిచూపులకి బయల్దేరినట్టుంటాడు. మావయ్య పక్కన కాస్త జాగా వదిలి, ఆ అవతల కిందటేడు పోయిన మా చిన్నత్త. అంటే అత్తయ్యకి స్వయానా చెల్లెలు.

చిన్నత్త నవ్విందంటే చెరువు అవతల గట్టు మీద కొంగలు లేచిపోయేవి. అలాంటి మనిషి పోయిన రోజున ఫోటో కావాల్సొస్తే ఇల్లంతా వెతికినా దొరక్క, చేతికందిన ఆధార్ కార్డు పట్టుకెళ్ళి స్టూడియోలో ఇచ్చారు. అతను దాన్ని తలుపంత చేశాడు. కంప్యూటర్లో పట్టుచీర కట్టాడు, వెనకాల జలపాతం పెట్టాడు, జలపాతంలో రెండు హంసల్ని వదిలాడు. ముఖం మాత్రం ఏమీ చెయ్యలేకపోయాడు. అంత పట్టుచీరలో, అంత జలపాతం ముందు, చిన్నత్త కరెంటు బిల్లు మీద ఫిర్యాదు చెయ్యడానికొచ్చి ఉదయం నుంచీ లైన్లో నిలబడినట్టుంది. ఆ ఫోటో తలొక కాపీ చుట్టాలందరికీ పంచారు.

మా అత్తయ్య రోజూ దీపం పెట్టాక ఆ ఫోటో ముందు నిలబడి, అది నా చెల్లెలు కాదు, ఎవరో ఆఫీసుకొచ్చిన మనిషి అని తిట్టుకుంటుంది. తిట్టుకున్నాక మావయ్య పక్కన మిగిలిన ఖాళీ జాగా వంక చూస్తుంది. ఆ జాగా తనదేనని ఆవిడకి తెలుసు. అందులోకి ఏ ఫోటో ఎక్కుతుందో కూడా తెలుసు. ఎందుకంటే ఆవిడకున్న మిగతా ఫోటోలన్నీ వరదలో పోయాయి. ఓ వానాకాలం కొల్లేరు పొంగి బీరువా కింద అర దాకా నీళ్ళొచ్చినప్పుడు ఆల్బమ్‌లన్నీ తడిసి, అప్పడాల కట్టల్లా అతుక్కుపోయాయి. పెళ్ళి ఫోటో నెమ్మదిగా ఊడదీస్తే ఆవిడ నుదురూ బాసికమూ వెళ్ళి పురోహితుడి పొట్టకి అతుక్కున్నాయి. మిగిలింది కార్డొక్కటే.

ఇలాంటి సమయంలో నేను బొగ్గుతో బొమ్మలేస్తున్నానన్న వార్త కొల్లేరు చేరింది.

ఏలూరులో ఒక ఆఫీసులో ఫైళ్ళు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదకి ప్రయాణం చేయించే ఉద్యోగం నాది. యాభైకి దగ్గర పడ్డాక, సాయంత్రాలు టీవీలో వార్తలు చదివేవాళ్ళకి ఎదురు సమాధానాలు చెప్పడం తప్ప నాకు వేరే వ్యాపకం లేదని మా ఆవిడకి తోచింది. ఏదన్నా నేర్చుకోండి, చప్పుడు చెయ్యనిది అంది. ఫోన్లో వీడియోలు చూసి చార్‌కోల్ మొదలుపెట్టాను. చప్పుడైతే లేదు. కానీ నెల తిరక్కుండా ఇల్లంతా రైలింజను నడిచిన దారిలా అయింది. తలుపుల మీద నా వేళ్ళు, స్విచ్చుల మీద నా వేళ్ళు, పెరుగు గిన్నె మూత మీద నా బొటనవేలు. ఇంట్లో దొంగలు పడితే పోలీసులు ముందు నన్నే తీసుకెళ్తారు. చెరపడానికి తెప్పించిన మెత్తటి ముద్దరబ్బరుని మా ఆవిడ చపాతీ పిండి ముద్ద అనుకుని ఫ్రిజ్‌లో పెట్టింది. చపాతీ చెయ్యబోయేటప్పుడు అది ఎంతకీ సాగక, ఈసారి గోధుమలు బావుండలేదని కొట్టువాడితో తగువుపడి వచ్చింది.

మొదట్లో జిరాక్సు కాగితం మీద వేసేవాణ్ణి. ఆ కాగితం నున్నటి గచ్చులాంటిది, బొగ్గు దాని మీద నిలబడదు. పక్కింటాయన బొమ్మ వేసి బల్ల మీద పెట్టి ఫ్యాను వేస్తే మీసం ఎగిరిపోయింది. ఎవరో తుమ్మితే చెవి పోయింది. సాయంత్రం ఆయన చూసుకోడానికొచ్చేసరికి ముక్కొక్కటే మిగిలింది. ఆయన మర్యాదస్తుడు, ముక్కు బావుందండీ అని వెళ్ళిపోయాడు.

అప్పుడు తెలిసింది, బొగ్గు బొమ్మకి చెయ్యి తిరగడం కంటే కాగితం కుదరడం ముఖ్యమని. కాగితానికి గరుకుండాలి. పిల్లి నాలుకతో చేతి మీద నాకితే ఎలా ఉంటుందో అంత గరుకు. అప్పుడే బొగ్గుపొడి ఆ గరుకులో ఇరుక్కుని కదలకుండా కూర్చుంటుంది. తక్కువైతే జారిపోతుంది. ఎక్కువైతే ముఖమంతా గుంటలు పడుతుంది.

ఇది తెలిసిన వారానికి అత్తయ్య ఫోను చేసింది. యోగక్షేమాలేమీ లేవు.

"ఒరేయ్, నన్ను బొమ్మ వెయ్యి. నేను పోయాక మీరు ఆ కార్డు పట్టుకెళ్ళి పెద్దది చేయించారంటే, గోడ మీంచి దిగొచ్చి మరీ చింపేస్తాను."

మా ఆవిడకి ఇది నచ్చలేదు. ఏవండీ, బతికున్న మనిషికి నల్లబొమ్మ వేసి ఫ్రేము కట్టిస్తారా ఎవరన్నా, అందరూ ఏమనుకుంటారు అంది. మా వైపు గోడకి నలుపు తెలుపుల్లో పెద్ద బొమ్మ ఉందంటే ఆ మనిషి లేరనే లెక్క. బతికున్నవాళ్ళకి రంగుల ఫోటోలు, పోయినవాళ్ళకి నలుపు. నేను సందేహిస్తూ ఆ మాటే అత్తయ్యకి చేరవేస్తే, పోయాక చూసుకోడానికి నేనుండనుగా, నచ్చకపోతే ఎవడితో చెప్పుకోను అంది.

కాగితం కోసం మొదట ఏలూరులోనే ఒక స్టేషనరీ కొట్టుకి వెళ్ళాను. మంచి డ్రాయింగు కాగితం కావాలంటే, బాబు ఏ క్లాసండీ అన్నాడు. నాకేనండీ అన్నాను. అతను నా నెత్తి మీద మిగిలిన నాలుగు వెంట్రుకలూ చూసి, జాలిపడి, చార్టు కాగితాలు తీశాడు. పిల్లలు కిరణజన్య సంయోగక్రియ బొమ్మలేసి బళ్ళో అంటించేవి. ఒక పక్క అద్దంలా మెరుస్తుంది, రెండో పక్క కాస్త తక్కువ మెరుస్తుంది. అవే పట్టుకుని ఆదివారం బస్సెక్కి అత్తయ్య దగ్గరికెళ్ళాను.

అత్తయ్యని కూర్చోబెట్టడం కొల్లేటి నీటిపిట్టని కూర్చోబెట్టడం లాంటిది. ఇటు చూడు అనేలోపు లేచి గేటు దగ్గర మేత బస్తాల లారీవాడితో మాట్లాడుతుంది. వచ్చి కూర్చుని, తల అలాగే పెట్టి, కళ్ళతోనే పనిపిల్లకి పది పనులు చెప్తుంది. ఎలాగో పూర్తి చేశాను. ఆ నున్నటి కాగితం మీద బొగ్గు ముదురు పట్టదు, గీత మీద గీత వేస్తే కిందదాన్ని తీసుకుని పక్కకి జారిపోతుంది. దాంతో ముడతల్లేవు, కళ్ళ కింద నీడల్లేవు. పౌడరు డబ్బా మీద బొమ్మలా వచ్చింది. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, ఎవర్రా ఈ పిల్ల, మనవాళ్ళేనా, సంబంధాలేమన్నా చూస్తున్నారా అని అడిగింది.

ఈసారి తాడేపల్లిగూడెం వెళ్ళాను. అక్కడ శుభలేఖల కాగితాలు టోకున అమ్మే షాపు ఒకటుందని, అందులో దొరకని కాగితం ఈ భూమ్మీద ఇంకా తయారవలేదని ఆఫీసులో ఎవరో చెప్పారు. భీమడోలు దాకా రైల్లో నిలబడి, అక్కణ్ణుంచి కిటికీ దగ్గర సీటు దొరికి, దర్జాగా దిగాను. షాపు ఉల్లిపాయల మార్కెట్ వెనక వీధిలో ఉంది. ఆ వీధిలో నడిచి షాపు మెట్లెక్కే ప్రతి మనిషీ కళ్ళు తుడుచుకుంటూనే ఎక్కుతాడు. షాపాయన అది చూసీ చూసీ అలవాటుపడి, పెళ్ళా అండీ, దినమా అండీ అని అడుగుతాడు. నేను బొమ్మకండీ అనేసరికి ఎటూ తేల్చుకోలేక, రెంటికీ పనికొచ్చేది అంటూ చేత్తో చేసిన దళసరి కాగితం తీశాడు. గరుకంటే అదీ గరుకు. వేలితో రాస్తే వేలిముద్ర అరిగిపోయేలా ఉంది. కాగితం గుజ్జులో బంతిపూల రేకులు కూడా కలిపారు. ఇంత ఖరీదైన కాగితం మీద మా అత్తయ్య ఎలా కుదరదో చూస్తాను అనుకుని తెచ్చేశాను.

కుదరలేదు. బొగ్గు గీస్తే గుట్టల మీద పడుతోంది, గుంటల్లోకి దిగడం లేదు. బుగ్గ మీద ఒక్క మెత్తటి నీడ వేద్దామంటే వెయ్యి చుక్కలవుతోంది. పూర్తయ్యేసరికి అత్తయ్య ముఖం మే నెలలో ఎండి పగుళ్ళిచ్చిన కొల్లేటి అడుగులా తయారైంది. దానికి తోడు ముక్కు పక్కనే ఒక బంతిరేకు పడి, చెరపబోతే రాక, ముక్కుపుడకలా ఉండిపోయింది. పుడక బావుంది, ఉంచెయ్యి అంది అత్తయ్య. ముఖం సంగతి అడిగితే, ఇన్ని ముడతలు పడాలంటే నేను ఇంకో జన్మ కూడా ఇందులోనే కలిపి బతకాలిరా అంది.

అప్పుడిక వీడియోలో చెప్పిన అసలైన కాగితమే తెప్పించాను. ఏదో విదేశంలో చేసింది. నూటికి నూరుపాళ్ళూ దూదితో చేస్తారట. వందేళ్ళయినా రంగు మారదట. దాని ధర మా ఆవిడకి నేటికీ తెలియదు, ఈ వ్యాసం కూడా ఆవిడ కంట పడకుండా చూడాలి. పార్సిలు నడుం దాకా వచ్చింది. మందపాటి బ్రౌన్ పేపర్ ఒక వరస, దాని లోపల ఇంకో వరస, దాని లోపల అట్ట, అట్టల మధ్య పెళ్ళికూతుర్లా ఆ తెల్ల కాగితాలు. ఏలూరులో విప్పడానికి మనసొప్పక, కాస్త విప్పి చూసి మళ్ళీ అలాగే చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని కైకలూరు దాకా తీసుకెళ్ళాను. పక్క సీటాయన కాస్త జరగండీ అంటే, కాగితానికి తగులుతుందని నేనే నిలబడ్డాను.

అత్తయ్య ఇంట్లో విప్పగానే ఆ కాగితం చెరువుల గాలి పీల్చుకుని నాలుగు వైపులా అలలెత్తింది. దాన్ని చదును చెయ్యడానికి ఇంట్లో ఉన్న మూడు చాపలూ, ఒక రుబ్బురోలు పొత్రమూ, కాసేపు స్వయంగా అత్తయ్యా దాని మీద కూర్చోవలసొచ్చింది. కానీ గరుకు మాత్రం అచ్చంగా పిల్లి నాలుకే. బొగ్గు ఎంత ముదురు కావాలంటే అంత ముదురు, ఎంత లేత కావాలంటే అంత లేత. చెయ్యి పెడితే చాలు, వద్దన్నా బొమ్మ వస్తోంది. నాకు నేను గొప్పవాడిలా కనిపించడం మొదలైంది.

తీరా పూర్తయ్యాక చూస్తే జుట్టు లేదు.

మా అత్తయ్యది తెల్లటి జుట్టు. ఒక్క నల్ల పోగు లేని, ఒత్తైన, ముడి వేస్తే పూర్ణకుంభంలా కూర్చునే జుట్టు. ఆవిడకి దాని మీద ఎంత గర్వమంటే, రంగు వేసుకోమని సలహా ఇచ్చిన ఆడపడుచుతో రెండు పండగలు మాట్లాడలేదు. తెల్ల కాగితం మీద తెల్ల జుట్టు ఎలా కనిపిస్తుంది? చుట్టూ నలుపు నింపితే తప్ప కనిపించదు. నింపాను. జుట్టు కనిపించింది. కానీ అత్తయ్య అర్ధరాత్రి కరెంటు పోయిన ఊళ్ళో ఒంటరిగా నిలబడినట్టయింది. పైగా ఆవిడ చామనఛాయ. తెల్ల కాగితం మీద ఆ ఛాయ కోసం పులిమితే మసి పట్టినట్టుంది, వదిలేస్తే సున్నం కొట్టినట్టుంది. ఒక పక్క వదిలేసి చూపించాను.

"నన్ను తెల్లగా చెయ్యమని ఎవడడిగాడ్రా నిన్ను?" అంది అత్తయ్య.

కోపంగా అనలేదు. అలిసిపోయినట్టు అంది. అని గోడ మీద చిన్నత్త వంక ఒకసారి చూసి, పోనీలే, ఆ కార్డే పెట్టేద్దురుగాని అనుకుంటూ లోపలికి పోయింది. ఇంతకాలం ఆవిడ వెక్కిరిస్తుంటే నాకు సరదాగానే ఉండేది. ఇలా అంటే ఏం చెయ్యాలో తెలియలేదు.

కిటికీ పక్కన చతికిలబడ్డాను. విప్పి పడేసిన బ్రౌన్ పేపర్ కాళ్ళ దగ్గరే ఉంది. చిన్నప్పుడు బడి తెరవగానే పుస్తకాలకి అట్టలేసుకునే కాగితమే, కాకపోతే ఇంకాస్త దళసరి. మెరిసే వైపు కిందకుంది, గరుకు వైపు పైకుంది. ఊరికే కూర్చోలేక బొగ్గు మొన దాని మీద అరగదీస్తున్నాను. ఇంతలో అత్తయ్యకి ఫోనొచ్చింది. మేత కొట్టువాడు. పంపిన బస్తాల్లో ఒకటి తడిసిందట, అది ముందే తడిసి ఉందా, ఈవిడ చెరువు గట్టు మీద తడిసిందా అన్నది తగువు. అత్తయ్య గుమ్మానికి ఆనుకుని నిలబడి, అతనికి అండీ అండీ అంటూనే చెరుగుతోంది. మా వైపు మర్యాద అదే, ఎదుటివాణ్ణి నీళ్ళు తాగిస్తూ కూడా అండీ మానం. మీ బస్తాకి ఈత వచ్చేమోనండీ, గోదాంలోంచి మా చెరువు దాకా ఈదుకుంటూ వచ్చిందేమోనండీ అని, తన మాటకి తనే నవ్వేసింది.

ఆ నవ్వు నా చేతికెలా ఎక్కిందో తెలియదు. ఆ బ్రౌన్ పేపర్ రంగు అచ్చం ఆవిడ రంగు. బుగ్గలకీ నుదుటికీ నేను ఏమీ వెయ్యక్కర్లేదు, కాగితాన్ని దాని మానాన వదిలేస్తే చాలు. నీడలున్న చోట బొగ్గు. కంటి చివర్న మూడు ముడతలు, అంతే, లెక్కకి మించి ఒక్కటి కాదు. జుట్టు దగ్గరికి వచ్చేసరికి చుట్టూ చూశాను. గుమ్మం పక్కన ముగ్గులేసే సుద్దముక్క ఉంది. దాంతో ముడి చుట్టాను. మేత కొట్టువాడు ఓడిపోయి వేరే బస్తా పంపుతానని ఒప్పుకునేలోపు అత్తయ్య ఆ కాగితం మీదకి వచ్చేసింది.

ఫోను పెట్టేసి వచ్చి చూసింది. కళ్ళజోడు కోసం వెతకలేదు. చెయ్యి జుట్టు మీదకి వెళ్ళి ముడి తడుముకుంది.

"ఇదిగో. ఇదీ నేను."

నాకు సంతోషంతో పాటు కాస్త కడుపుమంట కూడా కలిగింది. విదేశాల నుంచి తెప్పించిన కాగితాలు పక్కన పెళ్ళికూతుళ్ళలా కూర్చుని ఉంటే, వాటిని చుట్టుకొచ్చిన పార్సిలు కాగితానికి తాళి కట్టినట్టయింది. ఉండు, ఇదే బొమ్మ మంచి కాగితం మీద దించుతాను అని పట్టుబట్టి, తర్వాతి ఆదివారం మొత్తం కూర్చుని అచ్చు గుద్దినట్టు దించాను. గీతకి గీత సరిపోయింది. కానీ అందులో ఉన్నది అత్తయ్యకి దూరపు చుట్టం. అయినా నేను తెల్లదే అన్నాను, ఆవిడ బ్రౌన్ పేపరే అంది, ఇద్దరం తగ్గలేదు. సరే, ఫ్రేములు కట్టే ఆయన్నే అడుగుదాం అన్నాను. ఆయన నా వైపే చెప్తాడని లోపల నమ్మకం.

అత్తయ్యకి కళ్ళ డాక్టరు దగ్గర పని ఉండి ఏలూరు వచ్చింది. రెండు బొమ్మలూ పట్టుకుని ఇద్దరం కాలవ దాటి ఫ్రేముల కొట్టుకెళ్ళాం. ఆయన పెద్ద సాయిబుగారు. వాళ్ళ నాన్నగారి కాలం నుంచీ ఆ కొట్టు ఉంది. ఏలూరులో దేవుళ్ళందరూ, డిగ్రీలు పుచ్చుకున్న పిల్లలందరూ, స్వర్గస్థులైన పెద్దలందరూ ఆయన చేతుల మీదుగా వెళ్ళినవాళ్ళే. గుమ్మంలో అడుగు పెట్టిన మనిషి నడక చూసి, ఇది గృహప్రవేశం ఫ్రేమా, పోయినవాళ్ళ ఫ్రేమా అని ముందే చెప్పేయగలనని ఆయన నమ్మకం. నా చేతిలో నల్లబొమ్మ చూశాడు, గొంతు తగ్గించాడు, కళ్ళు కిందకి దించాడు. వెనక్కి తిరిగి చందనం చెక్కల దండ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎప్పుడు పోయారండీ?" అన్నాడు నాతో, మెల్లగా.

నా పక్కనే నిలబడ్డ అత్తయ్య అంతకంటే మెల్లగా చెప్పింది.

"ఇంకా ఏమీ అనుకోలేదండీ."

సాయిబుగారు ఆవిడ్ని చూశాడు, బొమ్మని చూశాడు, మళ్ళీ ఆవిడ్ని చూశాడు. నమ్మకం వమ్మయిన బాధ ఆయన ముఖంలో కనిపించినంత స్పష్టంగా నేను ఏ కాగితం మీదా వెయ్యలేను. క్షమించండమ్మా అని దండ తీసేయబోయాడు. పక్కన ఉంచండి, తర్వాత తీసుకుంటాం, నేను కాకపోతే వీడొస్తాడు అంది అత్తయ్య.

ఆయన తేరుకున్నాక రెండు బొమ్మలూ వెలుగులో పెట్టి చూశాడు. తెల్లదాన్ని వేళ్ళ మధ్య నలిపీ నలపనట్టు పట్టుకుని, ఇది చాలా గొప్ప సరుకండీ అన్నాడు. నేను అత్తయ్య వంక చూశాను. బ్రౌన్ పేపర్ చూసి, ఇది పార్సిల్ కాగితం, అద్దంలో బిగించినా ఏళ్ళు గడిచేకొద్దీ నల్లబడుతుంది, తర్వాత అంచులు పెళుసెక్కి విరుగుతాయి అన్నాడు. మీ వాళ్ళు కలకాలం చూసుకోవాలంటే తెల్లదే కట్టించుకోండమ్మా, ఇందులో మీరు బావున్నారు, నేను కాదనను, కానీ ఇది నిలవదు అని వివరంగా చెప్పాడు. నేను ఆశించినదంతా చెప్పాడు కానీ, వింటుంటే నాకే ఎందుకో బాగా అనిపించలేదు.

అత్తయ్య రెండు బొమ్మల మధ్యా చూపు తిప్పింది. కూరగాయల కొట్లో రెండు వంకాయల్ని తూచేటప్పుడు చూసే చూపు.

"నన్ను ఎరిగినవాళ్ళు ఎన్నాళ్ళుంటారండీ? ఈ కాగితం కూడా అన్నాళ్ళుంటే చాలదా? ఆ తర్వాత చూసేవాళ్ళకి నేను ఎవరో ముసలావిణ్ణి. ఆ ఎవరో ముసలావిడ కోసం అంత గొప్ప కాగితం దేనికండీ?"

సాయిబుగారు టేపు తీసి బ్రౌన్ పేపర్ కొలవడం మొదలెట్టాడు. కొలుస్తూనే, ఒక పని చేస్తానమ్మా అన్నాడు. వెనక చెక్క నేరుగా తగిలితే ఈ కాగితం తొందరగా పాడవుతుందట, మధ్యలో మంచి కాగితం అడ్డం పెడితే ఇంకొన్నాళ్ళు ఆగుతుందట. అలా మా విదేశీ కాగితం, వందేళ్ళు బతికే కాగితం, బొమ్మ తిరగేసుకుని అత్తయ్య వీపు వెనక అట్టగా నిలబడింది. బొగ్గు అద్దానికి అంటుకోకుండా మధ్యలో సన్నటి బద్ద కూడా వేశాడు. నా సంతకం ఎక్కడా కనిపించడం లేదని నేను గొణిగితే, వెనక కాగితం మీద ఉందిగా అంది అత్తయ్య.

కైకలూరు బస్సులో ఫ్రేము ఆవిడ ఒళ్ళోనే పెట్టుకుంది. నన్ను పట్టుకోనివ్వలేదు. నేను పట్టుకుంటే బస్సంతా నన్ను పరామర్శిస్తారని, ఆ పరామర్శలకి నేనేం చెప్పి చస్తానోనని ఆవిడ భయం. పక్క సీటులో కూర్చున్నావిడ ఊరు దాటిందాకా ఓర్చుకుని, ఇక ఉండబట్టలేక, మీ అక్కగారా అండీ అని అడిగింది. కాదండీ, నేనే, ముందుగా చేయించి పెట్టుకున్నాను అంది అత్తయ్య. ఆవిడ చప్పున కిటికీ వైపు తిరిగిపోయింది. దిగేటప్పుడు మాత్రం వెనక్కొచ్చి, ఎక్కడ వేయించారండీ అని అడిగి నా ఫోను నంబరు రాసుకుని వెళ్ళింది.

ఇంటికెళ్ళాక మావయ్య పక్కన ఖాళీలో మేకు కొట్టాను. మా ఆవిడ అప్పటికే ఫోనులో రెండుసార్లు, బతికున్న మనిషిని ఆ వరసలో పెట్టకండీ అని చెప్పింది. అత్తయ్య వినలేదు. దండ లేదుగా, చూసేవాళ్ళకి తెలుస్తుందిలే, సీటు ఆపుకోడానికి తువ్వాలు వేసినట్టు అనుకోండి అంది. తగిలించాక దూరంగా జరిగి చూసింది. కోటులో మావయ్య, పక్కన నవ్వుతూ, ఎవణ్ణో మర్యాదగా చెరిగేస్తూ అత్తయ్య. చూస్తే కోటు కాస్త తగ్గినట్టే అనిపించింది.

ఆ తర్వాత ఆవిడ చూపు అవతల పక్కకి వెళ్ళింది. అక్కడ చిన్నత్త, పట్టుచీరలో, జలపాతం ముందు, రెండు హంసల మధ్య, ఇంకా లైన్లోనే ఉంది.

నాకు అర్థమై, చిన్నత్త ఫోటో ఇంకెక్కడా లేదు కదా, ఎలా చూసి వెయ్యను అన్నాను. అత్తయ్య బల్ల కింద వంగి ఏదో లాగింది. పార్సిలు చుట్టులో రెండో వరస బ్రౌన్ పేపర్. నలిగిన చోటల్లా చేత్తో సాపు చేసి, మడిచి, దాచి పెట్టుకుంది. దాన్ని నా ముందు పరిచింది, గరుకు వైపు పైకి పెట్టి. గుమ్మం దగ్గరికెళ్ళి సుద్దముక్క తెచ్చి పక్కన పెట్టింది. నా ఎదురుగా పీట వాల్చుకుని, ఇంతకాలం నేను కాళ్ళావేళ్ళా పడ్డా కూర్చోని మనిషి, కదలకుండా కూర్చుంది.

"ముక్కు నాదే వేసెయ్యి, ఇద్దరిదీ ఒకటే. గడ్డం కాస్త గుండ్రంగా. కళ్ళు నేను చెప్తాను, రాసుకో" అంది. ఏం చెప్పాలో ఆలోచించుకోబోయి, చిన్నత్త ఎప్పుడో అన్న మాట ఏదో గుర్తొచ్చినట్టుంది, నాకు చెప్పకుండానే నవ్వేసింది.

నేను ఆ కళ్ళే వేశాను.